పీపాల్లో పంతొమ్మిదేళ్ల ఖాళీ

మొదటి రోజు

ప్రయాణానికి వారం ముందు హైదరాబాద్ నుంచి మా బావ మెసేజ్ పెట్టాడు. "జపాన్ సింగిల్ మాల్ట్, కొమగతాకే అని ఉంటుందట. 18 ఏళ్లది దొరికితే తీసుకో. మామయ్యగారితో పంపు, కానీ ఆయనకి చెప్పకు."

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో కాచిన విస్కీ. 18 ఏళ్లది అంటే అన్నేళ్లు పీపాలో ఉన్నది. మామయ్యగారు అంటే మా నాన్న. బావ అడిగినదాంట్లో తిరకాసు ఏమిటంటే, నాన్న ఎక్సైజ్ శాఖలో పనిచేసి 2011లో రిటైరయ్యారు. సర్వీసంతా స్పిరిట్ కొలిచారు, సీళ్లు వేశారు, బెల్లం ఊట పారబోయించారు. ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. ఇప్పుడు 71 ఏళ్లు. రెండు నెలలు నా దగ్గర ఉందామని టోక్యో వచ్చారు. ఆయన సూట్‌కేసులో ఆయనకే తెలియకుండా విస్కీ సీసా పెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని ఉన్నమాట సగం చెప్పాను. "నాన్నా, కొండల్లో ఒక డిస్టిలరీ ఉంది, చూసొద్దామా?" అన్నాను. గుడికి పిలిచినా అంత తొందరగా బయల్దేరేవారు కాదు.

ముందు అద్దె కారు బుక్ చేశాను. తర్వాత గుర్తొచ్చింది, ఇక్కడ తాగి బండి నడిపితే నడిపినవాడితోపాటు పక్కన కూర్చున్నవాడికీ, మందు పోసినవాడికీ శిక్ష పడొచ్చు. కారు తీసుకెళ్తే డిస్టిలరీలో నేను మంచినీళ్లు తాగి రావాలి. కారు క్యాన్సిల్ చేసి షింజుకులో హైవే బస్సు ఎక్కాం. కొమగానేకి సుమారు నాలుగు గంటలు.

2024 అక్టోబరు, ఎండ బాగానే ఉంది. కొండల సొరంగాలు దాటాక బస్సు కోఫు లోయలోకి దిగింది. అటూ ఇటూ ద్రాక్ష తోటలు. మేం వెళ్తున్న డిస్టిలరీ కథ మొదలైంది కూడా ఈ యమనాషి ప్రాంతంలోనే, 1960లో. ఆ సంగతి రేపటి పద్దులో రాస్తాను. ఇంకాస్త ముందుకెళ్తే హకుషు వస్తుంది. సన్‌టోరీ కంపెనీ 1973లో అడవి మధ్య కట్టిన డిస్టిలరీ అది. పేరు పెద్దది, జనమూ ఎక్కువే. "అక్కడ దిగం కదా?" అన్నారు నాన్న. దిగం. సువా సరస్సు దాటి, ఒకాయా దగ్గర దక్షిణానికి తిరిగితే ఇనా లోయ. ఎడమ చేతి వైపు దక్షిణ ఆల్ప్స్, కుడి చేతి వైపు మధ్య ఆల్ప్స్, నడుమ తెన్ర్యు నది. కోత అయిపోయిన వరి మళ్లలో దుబ్బులు మాత్రం ఉన్నాయి. కొన్నిచోట్ల కోసిన వరిని కర్రల మీద తలకిందులుగా ఆరేశారు. నాన్న అద్దానికి ముఖం ఆనించి చూస్తూ, "కుప్ప వేయరా వీళ్లు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రాత్రి భోజనం దగ్గర చిన్న ఇబ్బంది. కొమగానేలో పేరున్న తిండి సాస్ కత్సుదోన్. అన్నం మీద సన్నగా తరిగిన క్యాబేజీ, దాని మీద సాస్‌లో ముంచిన పంది మాంసం కట్లెట్. నేను లాగించాను. నాన్న పంది మాంసం ముట్టరు. ఆయనకి గొహె మోచి దొరికింది. అన్నాన్ని దంచి ముద్దచేసి, పుల్లకి అద్ది, అక్రోటు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపి పైన రాసి నిప్పుల మీద కాలుస్తారు. "పచ్చడి రాసి కాల్చిన అన్నం ముద్ద" అని తేల్చేసి రెండు తిన్నారు. బసలో వేడినీటి ఊట స్నానం ఉంది. బట్టలన్నీ విప్పి దిగాలి అనగానే, "తువ్వాలు కట్టుకోవచ్చా?" అన్నారు. కూడదన్నాను. గదిలో బకెట్ లేదని సణుక్కుంటూ కుళాయి కింద కానిచ్చారు.

రెండో రోజు

మియాదా ఊరు కొమగానేకి ఆనుకునే ఉంటుంది. టాక్సీ పది నిమిషాల్లో లోయ వదిలి చెట్లలోకి ఎక్కింది. పక్కన ఓతాగిరి ఏరు. ఏట్లో నీళ్లకంటే తెల్లటి రాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. అంతా గ్రానైట్. పైన కొమగతాకే శిఖరం మీద కురిసిన మంచు కరిగి, ఈ గ్రానైట్ నేలలోకి ఇంకి, ఊటగా బయటికి వస్తుంది. ఆ మెత్తని నీటికోసం, చల్లదనంకోసం 1985లో ఇక్కడ డిస్టిలరీ పెట్టారు. పేరు మార్స్ షిన్షు. సముద్ర మట్టానికి 798 మీటర్ల ఎత్తు. చలికాలంలో సున్నాకి పది డిగ్రీల కిందికి కూడా పోతుంది, ఎండాకాలం ముప్ఫై దాటుతుంది.

దీని యజమాని హోంబో షుజో అనే కంపెనీ. అసలు ఊరు జపాన్‌లో క్యుషు దీవి దక్షిణ కొసన ఉన్న కగోషిమా. అది షోచు దేశం, అంటే చిలగడదుంప సారా కాసే చోటు. 1949లోనే వాళ్లకి విస్కీ లైసెన్సు వచ్చింది. "లైసెన్సు 49లో, ఇక్కడ డిస్టిలరీ 85లో. మధ్యలో ఏం చేశారు?" అన్నారు నాన్న. ఆయన మొదట అడిగేది ఎప్పుడూ లైసెన్సు గురించే.

మధ్యలో చాలా జరిగింది. ఆవరణలో రెండు పాత రాగి బట్టీలు నిలబెట్టి ఉన్నాయి, ఎండకి వానకి రంగు మారిపోయి. వాటి దగ్గర బెంచీ మీద కూర్చుని నాన్నకి కథ చెప్పాను.

జపాన్ విస్కీ అనగానే అందరూ చెప్పే పేరు తకెత్సురు మసతాకా. 1918లో స్కాట్లండ్ వెళ్లి, విస్కీ పని నేర్చుకుని, రీటా అనే స్కాట్లండ్ అమ్మాయిని పెళ్లాడి 1920లో తిరిగొచ్చిన మనిషి. కానీ ఆయన్ని పంపిందెవరు? ఒసాకాలో సెత్సు షుజో అనే కంపెనీ. అందులో ఆయన పై అధికారి ఇవాయ్ కీయిచిరో. తకెత్సురు తిరిగి రాగానే తను చూసిందంతా నోటుపుస్తకాల్లో రాసి ఈ ఇవాయ్‌కే ఇచ్చాడు. ఈలోగా యుద్ధం తర్వాతి మాంద్యం వచ్చిపడింది. కంపెనీ దగ్గర డబ్బు లేదు. విస్కీ ఆలోచన మూలపడింది. తకెత్సురు వేరే దారి చూసుకున్నాడు. 1923లో యమజాకి డిస్టిలరీ కట్టడానికి పనిచేశాడు, 1934లో సొంత కంపెనీ పెట్టాడు, పెద్దవాడయ్యాడు. నివేదిక మాత్రం ఇవాయ్ దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఇవాయ్ హోంబో కంపెనీకి సలహాదారుగా వచ్చాడు. 1960లో యమనాషిలో వాళ్ల విస్కీ కర్మాగారం రూపకల్పన చేసేటప్పుడు ఆ కాగితాలు దుమ్ము దులిపి బయటికి తీశాడు.

నాన్న వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "ఇరవైలో రిపోర్ట్ ఇచ్చారు. అరవైలో యాక్షన్ తీసుకున్నారు. నలభై ఏళ్లు పెండింగ్! మన ఫైళ్లు నయం రా."

ఎదురుగా ఉన్న బట్టీలు ఇవాయ్ గీసిన నమూనావే. 2014 దాకా పనిచేశాయి. అవి అరిగిపోయాక అదే ఆకారంలో కొత్తవి చేయించి లోపల బిగించారు. నాన్న లేచి పాత బట్టీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. మెడ దగ్గర చెయ్యి పెట్టి చూశారు. అతుకులు చూశారు. ఆయన జీవితంలో ఇంతసేపు పగలగొట్టకుండా చూసిన బట్టీ ఇదేనేమో.

లోపల పని పద్ధతి ఆయనకి నేను చెప్పాల్సిన అవసరం పడలేదు. ఆయనే నాకు చెప్పారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మరపట్టి వేడినీళ్లలో కలిపితే తీపి నీళ్లు వస్తాయి. అందులో ఈస్ట్ వేసి పులియబెడితే ఊట. ("బెల్లం ఊట బదులు గింజల ఊట, అంతే.") ఆ ఊటని రెండుసార్లు కాస్తారు. అందుకే రెండు బట్టీలు. రెండో కాపుడులో ముందొచ్చే ఘాటైనదాన్నీ, చివర్లో వచ్చే నీచుదాన్నీ పక్కకి తీసి, నడిమిదాన్ని పీపాల్లోకి పంపుతారు. నాటుసారా కాసేవాళ్లకి కూడా ముందుది ప్రమాదమని తెలుసు, కానీ పారబోయడానికి మనసొప్పదు అన్నారు నాన్న.

పీపాలున్న గోదాములోకి వెళ్లేసరికి వాసన చుట్టుముట్టింది. తడి చెక్క, ఎండు ద్రాక్ష, కొంచెం వార్నిష్. అమెరికాలో బర్బన్ విస్కీ నింపి ఖాళీచేసిన చిన్న పీపాలు, షెర్రీ వైన్ పోసిన పెద్ద పీపాలు వరుసలుగా పేర్చి ఉన్నాయి. విస్కీ రంగు, రుచి ముప్పాతిక ఈ చెక్కలోంచి వచ్చేవే అంటారు. చలికి చెక్క ముడుచుకుంటుంది, వేడికి లోపలి సరుకు వ్యాకోచించి చెక్కలోకి చొరబడుతుంది. ఆ రాకపోకల్లో కొంత ఆవిరై పోతుంది. దానికి ఇంగ్లీషువాళ్లు ఏంజెల్స్ షేర్ అని ముద్దు పేరు పెట్టారు, దేవతల వాటా. నాన్నకి ఆ మాట నచ్చలేదు.

"దేవతలేంట్రా, తరుగు అనాలి. మా రిజిస్టర్లో దానికో కాలమ్ ఉండేది. ఏటా ఎంత శాతం?"

స్కాట్లండ్‌లో రెండు శాతం అటూ ఇటూ అంటారు, బెంగళూరు వేడికి పది కూడా దాటుతుందట అన్నాను. మన దేశంలో సింగిల్ మాల్ట్ ముసలిది కాకుండానే సీసాలోకి దించడానికి కారణం అదే. ఇరవై ఏళ్లు ఉంచితే పీపాలో చెక్క తప్ప ఏమీ మిగలదు.

"మరి తరుగు మీద సుంకం ఎవరు కడతారు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, ముందే చదువుకుని వచ్చాను. జపాన్‌లో మద్యం పన్ను సరుకు కర్మాగారం గడప దాటేటప్పుడు వేస్తారు. ఆవిరైనదానికి పన్ను లేదు. నాన్న తల ఊపారు. "న్యాయం" అన్నారు.

ఇక బావ సంగతి. దుకాణంలో అరలన్నీ వెతికాను. సింగిల్ మాల్ట్ కొమగతాకే సీసాల మీద ఏడాది పేరుతో ఎడిషన్లు ఉన్నాయి. 18 అనే అంకె ఎక్కడా లేదు. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయిని నా వచ్చీరాని జపనీస్‌లో అడిగాను. ఆమె నవ్వలేదు, నొచ్చుకోలేదు. గోడ మీద ఉన్న కాలరేఖ వైపు చెయ్యి చూపించింది. 1992 దగ్గర ఒక గీత. తర్వాత 2011 దగ్గర ఇంకో గీత. మధ్య ఏమీ లేదు.

పంతొమ్మిదేళ్లు బట్టీలు వెలిగించలేదు. జపాన్‌లో విస్కీ తాగడం 1983లో తారస్థాయికి చేరి అక్కణ్ణుంచి పడిపోతూ వచ్చింది. 1989లో మద్యం పన్ను చట్టం మార్చి, విస్కీని తరగతులుగా విడదీసే పాత పద్ధతి తీసేశారు. చౌక విస్కీల ధర పెరిగింది. జనం షోచు వైపు పోయారు. చిన్న డిస్టిలరీ తట్టుకోలేకపోయింది. 2008 తర్వాత విస్కీలో సోడా పోసుకునే హైబాల్ మళ్లీ మోజైంది, కుర్రాళ్లు తాగడం మొదలుపెట్టారు, అప్పుడుగానీ వీళ్లు మళ్లీ నిప్పు రాజేయలేదు. ఈ ఏడాది 18 ఏళ్లది కావాలంటే 2006లో కాచి ఉండాలి. 2006లో ఇక్కడ కాచినవాడు లేడు. డబ్బు ఎంత పెట్టినా లేనిదాన్ని ఎవరూ పీపాలోంచి తియ్యలేరు.

దీంట్లో ఒక వింత ఉంది. మూతపడిన కాలంలో పాత సరుకు గోదాములో అలాగే నిద్రపోయింది. కగోషిమాలోనూ యమనాషిలోనూ కాచి మూడేళ్లు ఉంచి, తర్వాత ఇక్కడ 25 ఏళ్లు ఉంచిన ఒక మిశ్రమ మాల్ట్‌ని 2013లో ప్రపంచ విస్కీ అవార్డుల్లో ఆ తరగతిలో ప్రపంచంలోనే ఉత్తమమైనదని ఎంపిక చేశారు. దాని పేరే '3 ప్లస్ 25'. కొనేవాడు లేక మిగిలిపోయిన సరుకే పేరు తెచ్చిపెట్టింది. దీన్ని ముందుచూపు అని నేను అనను.

నాన్న ఆ కాలరేఖ ముందు చాలాసేపు నిలబడ్డారు. "తొంభై రెండు" అన్నారు. "ఆ ఏడు నేను నెల్లూరు జిల్లాలో ఉన్నా. దూబగుంట." సారా దుకాణం ముందు ఆడవాళ్లు నిలబడి మూయించిన ఏడు అది. అక్షరాలు నేర్చుకోడానికి రాత్రి బడికి వచ్చినవాళ్లు ఊరి సారా మాన్పించారు. ఆ గాలి రాష్ట్రమంతా తిరిగింది. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్య నిషేధం, 1997లో మళ్లీ ఎత్తేయడం. నాన్న ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఈ రోజు కూడా రెండే ముక్కలు చెప్పారు. "మా తాళాలు ఏం ఆపలేదు రా. వాళ్లు చీపుళ్లతో ఆపారు." తర్వాత గొంతు సవరించుకుని, "నేను దిగిన ఏడే వీళ్లు మళ్లీ ఎక్కారు. 2011" అన్నారు.

బార్ దగ్గర డబ్బు కట్టి ఒక కొమగతాకే పోయించుకున్నాను. చిన్న గ్లాసు, పక్కన పెద్ద గ్లాసుతో మంచినీళ్లు. ఆ నీళ్లు మొదట తాగాను. చల్లగా, ఏ రుచీ లేకుండా, గొంతులో జారిపోయాయి. విస్కీలో మొదట తేనె తగిలింది, తర్వాత బేరిపండు, చివర కాల్చిన కర్రలాంటి చేదు. నాకు నాలుక శిక్షణ లేదు, ఇంతకంటే చెప్తే బడాయి అవుతుంది.

నాన్న గ్లాసు అడిగారు. నేను ఆశ్చర్యపోయి ఇచ్చాను. ఆయన తాగలేదు. అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని రెండు చేతులూ గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నారు. స్పిరిట్ ఎగిరిపోయేదాకా ఆగి మళ్లీ చూశారు. బార్‌లో ఉన్నాయన ఆ పని చూసి కొంచెం తల వంచి నమస్కారం పెట్టాడు. పనివాణ్ణి పనివాడు గుర్తుపట్టాడు.

"పేలాల వాసన ఉంది. ఇది గింజదే. మన దగ్గర విస్కీ అని అమ్మేదాంట్లో ఎక్కువ మొలాసిస్ స్పిరిట్ కదా, రుద్దితే మడ్డి వాసన తెలిసిపోతుంది" అన్నారు. తర్వాత సీసా తిప్పి చూసి, "వీళ్లకి కనీస స్ట్రెంగ్త్ ఎంత?" అని అడిగారు. నలభై శాతం అన్నాను. "మా ఎక్సైజ్ కొలతలో థర్టీ అండర్ ప్రూఫ్. మనది ట్వంటీఫైవ్, అంటే నలభై రెండు పాయింట్ ఎనిమిది. మనమే గట్టి." ఆ మాటలో కొంచెం గర్వం వినపడింది.

ఆ నలభై ఎక్కడిదంటే, 2021లో జపాన్ మద్యం తయారీదారుల సంఘం పెట్టిన నిబంధనల్లోది. జపనీస్ విస్కీ అని రాయాలంటే జపాన్ నీళ్లే వాడాలి, పులియబెట్టడం, కాచడం ఇక్కడే జరగాలి, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఇక్కడే ఉండాలి, సీసాలో నింపడమూ ఇక్కడే. గడువు ఇచ్చి 2024 ఏప్రిల్ నుంచి పూర్తిగా పాటించమన్నారు. అంతకు ముందు విదేశాల నుంచి విస్కీ తెప్పించి సీసాలో పోసి, జపాన్ అక్షరాల లేబుల్ అంటించినా అడిగేవాడు లేడు. బార్లీ మాత్రం ఎక్కడిదైనా ఫర్వాలేదు. జపాన్ డిస్టిలరీలు వాడే మాల్ట్‌లో ఎక్కువ భాగం బ్రిటన్ నుంచే వస్తుంది.

"తప్పితే శిక్ష ఏంటి?"

"శిక్ష లేదు నాన్నా. చట్టం కాదు, సంఘం నియమం."

నాన్న నావైపు జాలిగా చూశారు. "ఇన్‌స్పెక్టర్ ఉండడా? వాళ్లకి వాళ్లే రాసుకుని వాళ్లకి వాళ్లే పాటిస్తారా?" అని ఒక నిమిషం ఆలోచించి, "ఈ దేశంలో పాటిస్తారేమోలే" అన్నారు. నాకంత నమ్మకం లేదు. కానీ వాదించలేదు.

ఒక చిన్న సీసా కొన్నాను, నాకోసం. అదే ఆవరణలో మినామి షిన్షు అని బీరు కూడా తయారుచేస్తారు. అదొకటి నడకలో తాగాను. టాక్సీ పిలిస్తే నలభై నిమిషాలు అన్నారు. ఏటి ఒడ్డున నడిచాం.

మూడో రోజు

ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో చూద్దామన్నది నాన్న కోరిక. సుగానోదాయి నుంచి కొండ మీదికి సొంత కార్లు పోనివ్వరు, బస్సే. మలుపు మలుపుకీ బస్సు అరిచింది. షిరాబిదైరా దగ్గర, 1,662 మీటర్ల ఎత్తున, రోప్‌వే ఎక్కాలి. ఏడున్నర నిమిషాల్లో 2,612 మీటర్లకి చేరుస్తుంది. ఒక్క ఊపులో 950 మీటర్లు ఎక్కడం జపాన్‌లో ఇంకే రోప్‌వేలోనూ లేదంటారు. 1967 నుంచి నడుస్తోంది. నాన్న మధ్య స్తంభం పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నేను ఫొటో తీశాను, ఆయనకి చూపించలేదు.

పైన సెంజోజికి. ఎప్పుడో హిమానీనదం గిన్నెలా తొలిచేసిన లోయ, చుట్టూ తెల్లటి గ్రానైట్ కోరలు. ఆకుల రంగులు ఇక్కడ అయిపోయాయి, గడ్డి గోధుమరంగులో పడుకుని ఉంది, నీడలో మంచు పేరుకుంది. నడక దారి గంటలోపే, కానీ ఆ ఎత్తులో నాన్నకి ఆయాసం వచ్చింది. మెల్లగా సగం తిరిగి, కొమగతాకే జింజా అనే గుడి దగ్గర కూర్చున్నాం. ఎదురుగా ఇనా లోయ, దాని వెనక దక్షిణ ఆల్ప్స్ గోడ. షియొమి శిఖరం పక్కన ఫూజీ తల కొంచెమే కనబడింది, ఎవరో గోడ మీంచి తొంగి చూస్తున్నట్టు.

నాన్న ఒక రాయి చేతిలోకి తీసుకుని గరుగ్గా ఉన్న అంచు నలిపారు. రవ్వలు రాలాయి. "ఈ రాయిలోంచి దిగి అక్కడ తేలాలంటే ఎన్నాళ్లు పడుతుందో. అది లెక్క రాసేవాడు ఉండడు" అన్నారు. కింద అడవిలో డిస్టిలరీ ఎక్కడుందో వెతికాం. పొగమంచు కమ్మేసింది, కనపడలేదు.

నాలుగో రోజు

పొద్దున్నే కోజెన్‌జి గుడి. 860లో కట్టారు, పెద్ద దేవదారు చెట్ల మధ్య, మెట్లన్నీ నాచు. ఇక్కడ దేవుడికంటే కుక్కకి పేరెక్కువ. హయతారో అనే కుక్క దూరదేశంలో ఊరి పిల్లల్ని బలి తీసుకునే రాక్షస కోతుల్ని చంపి, గాయాలతో ఇంత దూరం నడిచొచ్చి, యజమానిని చూసి ప్రాణం విడిచిందని కథ. దాని సమాధి ఉంది. నాన్న అక్కడ మాత్రం చెప్పులు విడిచి దండం పెట్టారు.

మధ్యాహ్నం బస్సు ఎక్కాక ఫోన్ మోగింది. బావ. నేను ఎత్తేలోపు నాన్న స్క్రీన్ మీద పేరు చూసి, ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టారు.

"ఏరా, దొరికిందా? పద్దెనిమిదేళ్లది?"

నేను సీట్లో ఇంకా కిందికి జారాను.

"అల్లుడుగారూ, నేనండీ మాట్లాడేది" అన్నారు నాన్న, పూర్తి డ్యూటీ గొంతుతో. "స్టాక్ వెరిఫై చేశాను. తొంభై రెండు నుంచి రెండువేల పదకొండు దాకా రిజిస్టర్లో నిల్. పద్దెనిమిదేళ్లదంటూ ఎవరైనా అమ్మితే దొంగ సరుకు, కొనకండి."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత చిన్నగా, "మరి... తొంభై రెండుకి ముందుది ఉంటుందా మామయ్యగారూ?" అని వినపడింది.

"ఉంటే ముప్ఫై రెండేళ్లదండీ. దానికి మీ కూకట్‌పల్లి ఫ్లాట్ రాసివ్వాలి. మా అమ్మాయిని అడిగి చెప్పండి."